గ్లాసెడు జావలో ఎంత బలముంది?

సంపాదకుల వారికి,

అనంతపురం శివారు కాలనీల్లో బక్కచిక్కిన పసిబిడ్డల మాట రాగానే పేదరికమని తేల్చేస్తాం. అది సగం సంగతే. మిగతా సగం జావ గ్లాసులో ఉంది. రెండు స్పూన్ల రాగిపిండి, అంటే 20 గ్రాములు వేసి కాచిన జావలో 65 కేలరీలకు మించి ఉండవు. తొమ్మిది నెలలు దాటి ఏడాది నిండని బిడ్డకు తల్లిపాలు కాక రోజుకు దాదాపు 300 కేలరీలు కావాలి. అయిదు గ్లాసులు తాగించాలన్నమాట. పిడికెడు పొట్టలో ఎక్కడ పడతాయి?

చిక్కగా కాస్తే బిడ్డ మింగదు, అందుకే తల్లి నీళ్లు పోస్తుంది. దీనికి మొలకల పిండి ఉంది. రాగులు రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలకొచ్చాక బాగా ఎండబెట్టి, నలిపి చెరిగి మర పట్టించాలి. చిక్కటి జావను వేలు కాలనంత వేడికి చల్లార్చి, ఈ పిండి ఒక టీస్పూను కలిపి పది నిమిషాలు ఆగితే నీళ్లు పోయకుండానే జారుతుంది. తర్వాత మళ్లీ ఒక పొంగు రానివ్వాలి, మొలకల్లో క్రిములుంటాయి. చాలామంది కమ్మటి వాసన కోసం మొలకలను దోరగా వేయిస్తారు. రుచి వస్తుంది గానీ జావను పలచబరిచే గుణం పోతుంది.

దించాక అర స్పూను నూనె, ఒక స్పూను శెనక్కాయ గింజల పొడి కలపాలి. మన జిల్లాలో వాటికి కరువా! బూజు పట్టినవి, ముడుచుకున్నవి ముందే ఏరి పారేయాలి. వేయించినా ఆ బూజు విషం పోదు.

అంగన్‌వాడీ ఇచ్చే రెండున్నర కిలోల బాలామృతం (పిల్లల పోషకాహార పొడి) రోజుకు 100 గ్రాముల చొప్పున ఒక బిడ్డకు 25 రోజుల లెక్క. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలుంటే ఎనిమిది రోజులకే ఖాళీ. తల్లిని తప్పుపట్టి లాభం లేదు.

విరేచనాలప్పుడు తిండి మాన్పించడం మరో దెబ్బ. ఓఆర్ఎస్‌తో పాటు ఆరు నెలలు దాటిన బిడ్డకు జింకు 20 మిల్లీగ్రాములు 14 రోజులు వేయాలి. మూడోరోజు విరేచనాలు కట్టగానే మాత్రలు అటకెక్కుతాయి.

ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు బిడ్డ దండచేయి (భుజానికి, మోచేతికి మధ్య భాగం) చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే వెంటనే ఆసుపత్రికి పంపాలి. ఆ టేపు కొలత తల్లికి చూపించి చెప్పాలి, రిజిస్టరులో రాసి ఊరుకుంటే చాలదు. వంట చేసి చూపించే కార్యక్రమాలు పొద్దున పదకొండుకు పెడితే కూలికెళ్లిన తల్లులు ఎలా వస్తారు? నెలకొకసారైనా సాయంత్రం ఆరు తర్వాత పెట్టమని అధికారులను కోరుతున్నాం.

– శిశు పోషణపై పనిచేసే కార్యకర్తలు, అనంతపురం