లైబ్నిజ్ చెప్పింది అది కాదు

సంపాదకుల వారికి,

దేవుడు, కీడు అనే సమస్యపై గత ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఇలాంటి విషయానికి పూర్తి పేజీ కేటాయించినందుకు కృతజ్ఞతలు. అయితే జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్‌ను లోకంలో అంతా బాగానే ఉందని నమ్మిన అమాయకుడిగా చూపించి, 1755 నవంబరు 1న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌ను నేలమట్టం చేసిన భూకంపంతోనే ఆయన వాదమూ కూలిపోయిందని తేల్చడం న్యాయం కాదు. ఆయన 1716లోనే కన్నుమూశారు. 1710లో వెలువడిన తన గ్రంథం ‘థియోడిసీ’లో ఆయన బాధ లేదనలేదు, బాధను, పాపాన్ని, సృష్టికి సహజమైన అసంపూర్ణతను విడివిడిగా పరిశీలించి, దేవుడు కీడును కోరలేదనీ, సాధ్యమైన లోకాలన్నింటిలో మేలైనదాన్ని ఎంచుకున్నప్పుడు దాన్ని అనుమతించాడనీ వాదించారు. ఇంతకంటే మంచి లోకం సాధ్యం కాదనడం, ఈ లోకంలో ఉన్నదంతా మంచిదేననడం ఒకటి కావు.

ఆ వాదం నాకూ పూర్తిగా మింగుడుపడదు. కీడును ఆపాలని ఉండీ ఆపలేడా, ఆపగలిగీ ఆపడా అన్న ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరస్ ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదని స్కాటిష్ తత్త్వవేత్త హ్యూమ్ రాసి, 1779లో వచ్చిన సంభాషణల పుస్తకంలో ఒక పాత్ర అంటుంది. మనకు కర్మ సిద్ధాంతం ఉంది కదా అని మిత్రులు అంటుంటారు. దేవుడికి పక్షపాతం, నిర్దయ అంటవని బ్రహ్మసూత్రాలు ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చిందంటే, ఇక్కడా ఆ ప్రశ్నను గట్టిగానే అడిగారన్నమాట.

వ్యాసంలో నాకు కనిపించిన పెద్ద లోటు, పద్దెనిమిదో శతాబ్దపు తత్త్వవేత్త రూసో ప్రస్తావన లేకపోవడం. ఆరేడు అంతస్తుల ఇళ్లు ఇరవై వేలు లిస్బన్‌లో కట్టింది ప్రకృతి కాదని 1756 ఆగస్టులో ఆయన ఫ్రెంచి రచయిత వోల్టేర్‌కు ఉత్తరం రాశారు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదను తలచుకునే హైదరాబాదీలకు ఈ మాట వెంటనే తగులుతుంది. ఆ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. నది ఒడ్డున మనం ఏం కడుతున్నామన్నది నేటికీ మన బాధ్యతే. కానీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్న కవి అమ్జద్ హైదరాబాదీకి ఏ జలాశయమూ సమాధానం కాజాలదు. అంత దుఃఖం తర్వాత కూడా ఆయన దేవుణ్ణి సంబోధిస్తూనే రుబాయీలు (నాలుగు పాదాల పద్యాలు) రాశారు. మనుషుల తప్పును ఎత్తిచూపినంత మాత్రాన దేవుణ్ణి అడిగే ప్రశ్న ముగిసిపోదు.

రూసో ఉత్తరాన్ని సంక్షిప్తంగానైనా తెలుగులో అదే పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, నల్లకుంట, హైదరాబాద్