హైడ్రాలిక్ టాప్ లింక్‌ను కొలతలు చెప్పి అమ్మాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. మామిడి తోటల్లో, ఆయిల్‌పామ్ వరుసల మధ్య, పెద్ద ట్రాక్టరు తిరగలేని చోటల్లా ఇప్పుడు 20 నుంచి 30 హార్స్‌పవర్ మినీ ట్రాక్టర్లు కనిపిస్తున్నాయి. వాటి వెంటే, వెనుక తగిలించిన పనిముట్టు వాలును నూనె ఒత్తిడితో సరిచేసే హైడ్రాలిక్ టాప్ లింక్ కూడా మా ప్రాంతానికి వచ్చింది. పరికరం మంచిదే. అయితే దాన్ని అమ్ముతున్న తీరు, బిగిస్తున్న తీరు రైతుకు నష్టాన్ని, ఒక్కోసారి ప్రమాదాన్ని కూడా తెచ్చిపెట్టేలా ఉన్నాయి. రెండేళ్లుగా దాన్ని వాడుతున్న రైతుగా నాకు ఎదురైనవి మీ పాఠకులకు తెలియజేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

ట్రాక్టరు వెనుక కింది రెండు లింకులు పనిముట్టును ఎత్తి దించుతాయి, పైనున్న టాప్ లింక్ దాని వాలును నిర్ణయిస్తుంది. టాప్ లింక్‌ను కురచ చేస్తే గొర్రు ముందు వరుస నేలలోకి దిగి వెనుక వరుస లేస్తుంది. పొడవు చేస్తే వెనుక వరుస దిగుతుంది. మామూలు లింక్‌లో ఒక కొసన కుడి మర, మరో కొసన ఎడమ మర ఉంటాయి కాబట్టి మధ్య గొట్టాన్ని చేత్తో తిప్పి పొడవు సరిచేసుకుంటాం. బ్లేడుతో చెట్ల వరుసల మధ్య మట్టి సర్దే రోజున ఆ గొట్టం తిప్పడానికి నేను పూటకు ఇరవై సార్లు సీటు దిగేవాణ్ని. వానాకాలం తర్వాత మర తుప్పు పట్టి పానాకు కూడా లొంగక, సుత్తితో తట్టి తిప్పిన రోజులు ఉన్నాయి. ఆ గొట్టం స్థానంలో రెండు వైపులా నూనె వెళ్లే సిలిండర్ ఉంటే ఈ పనంతా సీటులో కూర్చునే లివర్‌తో అయిపోతుంది.

నేను మొదట మోసపోయింది పొడవు విషయంలో. నా పాత లింక్ పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు 480 మిల్లీమీటర్ల నుంచి 600 మిల్లీమీటర్ల వరకు పనిచేసేది. "మినీకి సరిగ్గా సరిపోతుంది" అని దుకాణంలో చెప్పిన మాట నమ్మి తెచ్చిన సిలిండర్ పూర్తిగా ముడుచుకున్నా 560 మిల్లీమీటర్లు ఉంది. రోటావేటర్‌ను లిఫ్టు అందినంత మేర ఎత్తినా దాని వెనుక భాగం వాలే ఉండి, గట్టు దాటిన ప్రతిసారీ వెనుక రేకు మట్టికి రాసుకునేది. అది 45 హార్స్‌పవర్ ట్రాక్టరు కోసం చేసిన సిలిండర్ అని తర్వాత తెలిసింది. స్ట్రోకు, అంటే సిలిండర్ కడ్డీ బయటికి సాగే దూరం, ఎంత ఎక్కువైతే ముడిచినప్పటి పొడవు కూడా అంత పెరుగుతుంది కనుక, ఎక్కువ స్ట్రోకు ఉన్నదే మేలనుకోవడం చిన్న ట్రాక్టరు విషయంలో చెల్లదు. మన దగ్గరున్న పనిముట్లు ఒక్కొక్కటీ తగిలించి, అతి తక్కువ పొడవు ఎంత కావాలో, అతి ఎక్కువ ఎంత కావాలో టేపుతో కొలిచి రాసుకున్నాకే దుకాణం మెట్లెక్కాలి. ముడిచిన పొడవు మనకు కావలసిన కనీస పొడవు కంటే కనీసం రెండంగుళాలు తక్కువ ఉండాలి. మొదటి తరగతి (కేటగిరీ-1) లింకేజీ, అంటే పనిముట్టు తగిలించే లింకుల ఏర్పాటు, ఉన్న ట్రాక్టరుకు టాప్ లింక్ పిన్ను 19 మిల్లీమీటర్లు, రెండో తరగతికి 25 మిల్లీమీటర్ల పైమాట. పెద్ద కన్నంలో చిన్న పిన్ను దూర్చి పని కానిచ్చేయడం మంచిది కాదు.

ఇంతకన్నా ముఖ్యమైనది సిలిండర్‌లోని నూనెను కదలకుండా పట్టి ఉంచే లాక్ వాల్వు. పొడవు కుదరలేదని ఆ సిలిండర్ ఇచ్చేసి, ఒక లేత్ షాపులో కొలత ప్రకారం మరొకటి చేయించుకున్నాను, కానీ దానికి లాక్ వాల్వు లేదు. కంట్రోల్ వాల్వు మూసి ఉన్నా దాని లోపల నూనె కొద్దికొద్దిగా జారుతూనే ఉంటుంది. తోట నుంచి ఇంటికి మూడు కిలోమీటర్ల దారిలో, ఎత్తి కట్టిన రోటావేటర్ వెనుక భాగం నాకు తెలియకుండానే అంగుళం అంగుళం కిందికి వాలి, ఊళ్లోకి వచ్చేసరికి సిమెంటు రోడ్డును గీసుకుంటూ నిప్పురవ్వలు రేపింది. బడి వదిలిన వేళ కావడంతో రోడ్డంతా పిల్లలే. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది. పనిముట్టు ఎత్తినప్పుడు టాప్ లింక్ మీద లాగుడు, నాగలి నేలలో ఉన్నప్పుడు నొక్కుడు పడతాయి. కాబట్టి సిలిండర్ రెండు వైపులా నూనెను పట్టి ఉంచే జంట లాక్ వాల్వు సిలిండర్ మీదనే బిగించి ఉండాలి. అది లేనిదాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

చాలా ట్రాక్టర్లకు ట్రాలీ జాకీ కోసం ఒకే పైపు ఇచ్చి ఉంటుంది. దానికి ఈ సిలిండర్ తగిలిస్తే నూనె ఒకవైపే నెడుతుంది, కాబట్టి నూనెను రెండు వైపులకూ మళ్లించే డబుల్ యాక్టింగ్ డీసీ వాల్వు తప్పనిసరి. వారంటీలో ఉన్న బండికి దాన్ని డీలరు చేతనే బిగించుకోవాలి. సిలిండర్ లావు విషయంలో ఆశకు పోనక్కరలేదు. 50 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్ 150 బార్ ఒత్తిడి వద్ద దాదాపు మూడు టన్నుల బలంతో నెడుతుంది. 750 కిలోలు ఎత్తే మినీ ట్రాక్టరుకు అది చాలినంత. పైగా 200 మిల్లీమీటర్ల స్ట్రోకుకు అందులో పట్టే నూనె అర లీటరు లోపే కాబట్టి, నిమిషానికి 15 లీటర్లు ఇచ్చే పంపుతో అది రెండు సెకన్లలోపే కొసాకి వెళ్లిపోతుంది. అంత దూకుడుతో బ్లేడు వాలు సరిచేయడం ఎవరి తరమూ కాదు. నూనె వేగాన్ని తగ్గించే చిన్న రెస్ట్రిక్టర్ పైపు మూతిలో పెట్టించాకే నా పని నున్నగా సాగింది.

బిగించేటప్పుడు పైపులు తగిలించే కన్నాలు పైకి ఉండాలి. పైపులు పీటీఓ షాఫ్ట్ (ఇంజను బలంతో పనిముట్టును తిప్పే కడ్డీ) వైపు వేలాడకూడదు, లిఫ్టు పూర్తిగా లేచినప్పుడు బిగుసుకోకూడదు. మొదటిసారి పనిముట్టు లేకుండా సిలిండర్‌ను నాలుగైదు సార్లు పూర్తిగా తెరిచి మూసి, లోపలి గాలి పోయాక నూనె మట్టం చూసుకోవాలి. ఆ తర్వాత పనిముట్టు తగిలించి, పీటీఓ ఆపి ఉంచి, లిఫ్టు ఎత్తుతూ సిలిండర్‌ను మెల్లగా ముడవాలి. పనిముట్టు టైరుకో మడ్‌గార్డుకో తగులుతుందేమో, షాఫ్ట్ వంపు ఎక్కువవుతుందేమో అప్పుడే తెలుస్తుంది. నూనె కారుతున్న చోటును వేలితో తడమడం మా దగ్గర అలవాటు. ఒత్తిడితో చిమ్మే నూనె సూది మొనలా చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కే కనిపించినా వెంటనే శస్త్రచికిత్స అవసరమయ్యేంత గాయమది. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి.

కేవలం రోటావేటరే నడిపే రైతు దీనికి డబ్బు పెట్టనవసరం లేదని కూడా చెప్పాలి. బ్లేడు, రెక్క నాగలి, గొర్రు మార్చి మార్చి వాడేవారికే ఇది అక్కరకొస్తుంది.

ముడిచిన పొడవు, తెరిచిన పొడవు, బోరు, పిన్ను సైజు, లాక్ వాల్వు ఉందో లేదో, ఈ ఐదూ సిలిండర్ మీద చెరగని అక్షరాలతో ఉండేలా వ్యవసాయ శాఖ అధికారులు అమ్మకందారులకు చెప్పాలని కోరుతున్నాను. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ, కృషి విజ్ఞాన కేంద్రాలు రైతులకిచ్చే శిక్షణలో టాప్ లింక్‌ను చేత్తో కొలిపించి, బిగింపజేసే అరపూట పాఠం చేర్చాలని మీ పత్రిక ద్వారా వారికి విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక మామిడి రైతు,
నూజివీడు ప్రాంతం, ఏలూరు జిల్లా