చేప నోరు తెరిచి చూడండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఇద్దరు కుర్రాళ్ళు కర్రకు కట్టి మోస్తున్న వాలుగ ఫోటో వేశారు. తోక నేలకు రాసుకుంటోంది. గాలానికి చిక్కిన భారీ చేప అని కింద రాశారు. నేను కూనవరంలో, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోట, నలభై ఏళ్ళుగా గాలం వేస్తున్నవాణ్ణి. చదువు అంతంతమాత్రం కనుక నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. అది గాలానికి చిక్కిన చేప కాదని నా అనుమానం.

వరదల్లో అయితే వాలుగ ఎర మింగి తాడును చేతిలోంచి లాక్కుపోతుంది. పుష్యమాసం వచ్చేసరికి నీళ్ళు తేటపడి చల్లబడతాయి. చేప మడుగు అడుగుకు దిగి కదలకుండా పడుకుంటుంది. తిండి మీద ధ్యాస ఉండదు. కోడి పేగులు పెట్టి చూశాను, ఎర్రలు పెట్టి చూశాను. బతికున్న పరిగెపిల్లను మించిన ఎర లేదు. పొద్దువాలాక గాలం వేసి, తాడును చూపుడువేలి మీద ఆనించుకుని కూర్చోవాలి. చేప లాగదు. తాడు కాస్త బరువెక్కుతుంది, అంతే. చలికి వేలు మొద్దుబారితే ఆ బరువు తెలియదు. అందుకే ఇసుకతిన్నె మీద చితుకుల మంట వేసుకుని మాటిమాటికీ చెయ్యి కాచుకుంటాను. కొన్ని రాత్రులు ఆ మంట కాగడమే లాభం. నిరుడు సంక్రాంతికి ముందు పదకొండు రాత్రులు కూర్చుంటే రెండు వాలుగలు, ఒక జెల్ల పడ్డాయి. ఆ జెల్ల కూడా పక్కముల్లుతో నా బొటనవేలు చీల్చాకే బుట్టలో పడింది.

ఇప్పుడు అదే మడుగు మీదికి రాత్రిపూట బ్యాటరీ, ఇన్వర్టర్ పెట్టుకుని పడవలు వస్తున్నాయి. నీళ్ళలో రెండు తీగలు దించితే చాలు, పడుకున్న చేప పడుకున్నట్టే తేలుతుంది. పెద్దవి ఏరుకుంటారు, పిల్లలు కొట్టుకుపోతాయి. అలాంటి చేపను సంతలో నేను గుర్తుపడతాను. నోట్లో గాలం గాటు ఉండదు. కోస్తే వెన్నుముల్లు వెంట నెత్తురు గడ్డకట్టి ఉంటుంది, ఒక్కోసారి వెన్నే విరిగి ఉంటుంది.

మందుగుండుతో, విషంతో చేపలను చంపడం నేరమని 1897 నాటి మత్స్య చట్టంలో ఉందని మనవరాలు ఫోనులో చదివి వినిపించింది. అందులో కరెంటు ఊసే లేదట. ఎలా ఉంటుంది, అప్పటికి మా ఊళ్ళో వెలిగేది ఆముదపు దీపమే కదా! కానీ 6వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నియమాలు చేసుకోవచ్చట. ఆ నియమాల సంగతి అలా ఉంచి, రాత్రిపూట రేవుకు వచ్చి చూసిన అధికారి ఒక్కరూ ఇన్నేళ్ళలో నాకు తారసపడలేదు.

వాలుగ గుడ్లు పెట్టేది కొత్తనీరు వచ్చాకే. ఈ చలిలో మడుగున పడుకున్నవి ఆ తల్లిచేపలే. సంగమం దగ్గర ఒక్క మడుగులో తొలి వరద దాకా ఎవరూ వేటాడకుండా చూడమని మత్స్యశాఖను కోరుతున్నాను. ఎవరూ అంటే నేను కూడా. ఇంట్లో ఈ మాట అంటే నవ్వారు, మీకెలాగూ పడటం లేదుగా అని.

ఇక మీదట ఇలాంటి ఫోటో వేసే ముందు చేప నోరు తెరిచి చూడమని మీ విలేకరికి చెప్పండి. వేలు మాత్రం జాగ్రత్త. వాలుగ పళ్ళు సన్నవి, చచ్చాక కూడా గీస్తాయి.

ఇట్లు,
గాలం వేసుకునే ఒక పాఠకుడు,
కూనవరం