అజంతావి 'ఫ్రెస్కో'లు కావు

సంపాదకులకు,

అజంతా బొమ్మల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పత్రికలు 'ఫ్రెస్కో' అని రాసేస్తుంటాయి. అది పొరపాటు. ఫ్రెస్కోలో తడి సున్నం మీదే రంగు వేస్తారు. సున్నం గట్టిపడుతూ రంగును పట్టేసుకుంటుంది. అజంతాలో గరుకు రాతికి ఊక, గడ్డి పీచు కలిపిన మట్టి మెత్తి, పైన పలచగా సున్నం పూసి, ఆరాక జిగురు కలిపిన రంగులు వేశారు. ఎరుపు, పసుపు మన్ను రంగులే. నీలానికి మాత్రం లాపిస్ లాజులి రాయి ఆఫ్ఘన్ కొండల నుంచి రావాల్సిందే. 16వ గుహ దాత వాకాటక రాజు హరిషేణుడి మంత్రి వరాహదేవుడని అక్కడి శాసనమే చెబుతోంది. అంత ఖర్చు భరించగల చేయి మరి!

ఇది ఉత్త మాటల పట్టింపు కాదు. జిగురు రంగుకు నీళ్లు తగిలితే పొడిపొడిగా రాలిపోతుంది. ఊకను పురుగు తింటే మట్టి గుల్లబారి, బొమ్మతో సహా పెచ్చు ఊడుతుంది. 1920 ప్రాంతంలో నిజాం ప్రభుత్వం రప్పించిన ఇటలీ నిపుణులు ఆ పెచ్చులను అతికించి నిలబెట్టారు. కానీ పైన పూసిన లక్క వార్నిష్ తర్వాత పసుపెక్కి అసలు రంగులను కప్పేసింది.

ఈసారి అజంతాలోని పద్మపాణి (చేత తామర పట్టిన బోధిసత్వుడు) ఫొటో వేస్తే కింద 'కుడ్యచిత్రం' అని రాయండి, చాలు.

— ఒక పాఠకుడు, హైదరాబాద్