సత్యభామ వేషధారి పింఛను ఎందుకు ఆగింది? కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మా ఊరి పద్యనాటక నటుడొకరికి కళాకారుల పింఛను కొన్ని నెలలుగా అందడం లేదు. మెషీన్‌లో ఆయన వేలిముద్ర పడటం లేదట. అర్జీలు పెట్టుకున్నాం, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

ఆయన స్త్రీ పాత్రధారి. 1902లో బాపట్లలో పుట్టి, 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామగా పేరు పొంది, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు గారి బాణీ అంటే మా పెద్దాయనకు ప్రాణం. కోనసీమ తీర్థాల్లో రాత్రి మొదలైన నాటకం తెల్లవారేదాకా సాగేది. హార్మోనియం శ్రుతి అందుకోగానే ఆయన జడ ముందుకు వేసుకుని, ఓరగా చూసి పద్యం ఎత్తుకుంటే జనం వన్స్‌మోర్ అని కేకలు వేసేవారు. అలకలో కూడా రాణి ఠీవి తగ్గనిచ్చేవారు కాదు. ఆ విద్య నేర్పేవాళ్లు ఇప్పుడెక్కడున్నారు?

ఈ రోజు ఆయన బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. మందుల షాపులో అప్పు పెరిగింది. ఎవరినీ చేయి చాచి అడగరు.

అయ్యా, సిబ్బందిని ఆయన ఇంటికి పంపి, ముఖ గుర్తింపుతోనో సంతకంతోనో ధ్రువీకరించండి. ఆగిన నెలల సొమ్ముతో సహా ఈ నెలలోనే ఇప్పించండి. డెల్టా గ్రామాల్లో ఇలా వేలిముద్రలు అరిగిన వృద్ధ కళాకారులందరికీ ఇదే ఏర్పాటు చేస్తూ రాతపూర్వక ఆదేశం ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నాటకాభిమాని