షూటింగ్ రేంజ్ విస్తరణ: సగటు లెక్కకు అందని శబ్దం

సంపాదకులకు నమస్కారం.

మా ఇళ్లకు కిలోమీటరు దూరంలో ఉన్న ఆరుబయటి షూటింగ్ రేంజ్‌ను విస్తరించబోతున్నారన్న వార్తను మీ పత్రికలో చదివి ఈ లేఖ రాస్తున్నాను. ఇంతవరకు అక్కడ 50 మీటర్ల వరుసలో పాయింట్ టూటూ (0.22 అంగుళాల సన్నని గొట్టం గల) చిన్న రైఫిళ్లతో, వారానికి రెండు రోజులు మాత్రమే సాధన జరిగేది. ఇకపై 300 మీటర్ల పెద్ద రైఫిళ్ల వరుస, దాని పక్కనే ట్రాప్, స్కీట్ పోటీలకు (గాలిలోకి విసిరిన మట్టి పళ్లేలను కాల్చే పోటీలివి) షాట్‌గన్, అంటే ఒకేసారి ఎన్నో చిన్న గుళ్లను చిమ్మే తుపాకీ, మైదానం, వారానికి ఆరు రోజుల సాధన ఉంటాయని మీ వార్త చెబుతోంది. దీనిని 'ఉన్నదానికి కొద్దిపాటి చేర్పు' అని నిర్వాహకులు వర్ణించారు. స్థలం విస్తీర్ణాన్ని మాత్రమే చూస్తే అది నిజమే కావచ్చు. అక్కడ పేలబోయే ఆయుధాల స్వభావాన్ని చూస్తే మాత్రం ఇది మరొక కొత్త రేంజ్‌తో సమానం.

ముందే ఒక మాట స్పష్టం చేయాలి. మా అభ్యంతరం క్రీడ మీద కాదు. 1896లో తొలి ఆధునిక ఒలింపిక్స్ నాటి నుంచి ఉన్న క్రీడ అది. 1984లో ఒలింపిక్స్‌లో చేరిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ నాలుగు గోడల మధ్య జరుగుతుంది కాబట్టి దానివల్ల ఇరుగుపొరుగుకు ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడున్న 50 మీటర్ల వరుస గురించి కూడా మేము ఏనాడూ ఫిర్యాదు చేయలేదు. 'రేంజ్ ముందు వచ్చింది, ఇళ్లు తరువాత వచ్చాయి, తెలిసి వచ్చినవారు ఇప్పుడు గోల చేయడమేమిటి' అని కొందరు అడుగుతున్నారు. మేము తెలిసి వచ్చినది పాత రేంజ్ పక్కకు. ఈ విస్తరణ మా ఇళ్లన్నిటి కంటే కొత్తది.

నేను ముఖ్యంగా రాయదలచినది శబ్దం గురించి, అందులోనూ దానిని కొలిచే పద్ధతి గురించి. తుపాకీ శబ్దం రోడ్డు మీద వాహనాల రొద వంటిది కాదు. గొట్టం నుంచి వెలువడే పేలుడు సెకనులో అతి స్వల్ప భాగమే ఉంటుంది, కానీ దాని శిఖరస్థాయి పాయింట్ టూటూ రైఫిల్‌కు 140 డెసిబెల్స్ దరిదాపుల్లోనూ, పెద్ద రైఫిళ్లకు, షాట్‌గన్లకు 150 దాటీ ఉంటుంది. డెసిబెల్స్‌లో పది పెరగడమంటే శబ్దశక్తి పదింతలు కావడమని గుర్తుంచుకుంటే, 'చిన్న తుపాకీకి, పెద్ద తుపాకీకి తేడా పది పదిహేనే కదా' అనే మాటలోని లోపం అర్థమవుతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం ఆరు డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది; అంటే మీటరు దూరంలో 155 ఉన్నది కిలోమీటరు చేరేసరికి 60 తగ్గి 95 దగ్గర ఉంటుంది. నేల, చెట్లు, గాలి దానిని మరికొంత మింగుతాయన్నది వాస్తవమే. కానీ గాలి రేంజ్ వైపు నుంచి మా వైపు వీచినప్పుడు, నేల దగ్గరి గాలి చల్లగా ఉండి పైగాలి వెచ్చగా ఉండే తెల్లవారు వేళల్లో, శబ్దం పైకి పోకుండా కిందికి వంగి మరింత దూరం చేరుతుంది. అందుకే ఒక ఉదయం వినిపించనిది మరుసటి ఉదయం కిటికీ అద్దాలను కదిలిస్తుంది.

దీనికి తోడు పెద్ద రైఫిల్ తూటా శబ్దవేగాన్ని, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లను, ఎంతో మించిన వేగంతో వెళుతుంది. కాబట్టి గొట్టం దగ్గరి పేలుడుతో పాటు తూటా ప్రయాణించిన దారి పొడవునా కొరడా ఝళిపించినట్టు మరొక చప్పుడు పుడుతుంది. లక్ష్యం వెనుక ఎంత ఎత్తు మట్టికట్ట వేసినా అది తూటాను ఆపుతుంది గానీ ఈ చప్పుడును ఆపదు. దానికి వరుసకు ఇరువైపులా కట్టలు, కాల్చేచోట శబ్దాన్ని పీల్చుకునే కప్పు, గోడలు కావాలి. మాకు చూపించిన నక్షాలో వెనుక కట్ట తప్ప ఇవేవీ లేవు.

ఇక కొలత సంగతి. రేంజ్ శబ్దం 'గంట సగటున 55 డెసిబెల్స్ లోపే' ఉంటుందని నిర్వాహకుల నివేదిక అంటోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పగటిపూట ఇళ్ల ఆవరణలో ప్రజలకు తీవ్రమైన చికాకు మొదలయ్యే స్థాయిగా పేర్కొన్నది కూడా ఆ 55నే, కాబట్టి అంకె చూడగానే భరోసా కలుగుతుంది. కానీ ఈ సగటు ఎలా వస్తుందో పాఠకులు ఒక్కసారి లెక్క వేసి చూడాలి. ఒక పేలుడు శబ్దశక్తినంతా ఒక సెకనులో కూర్చినప్పుడు ఒక ఇంటి దగ్గర అది 80 డెసిబెల్స్ అనుకుందాం. ఆ శక్తిని గంటలోని 3600 సెకన్ల మీద పరిస్తే 44 అవుతుంది. గంటకు అటువంటివి పది పేలితే సగటు 54. అంటే గంటలో పదిసార్లు పసిపిల్ల నిద్రలో ఉలిక్కిపడి లేచినా, కాగితం మీద అది 55 లోపలి ప్రశాంతమైన గంటే. శబ్దాన్ని కొలిచేవారికి ఈ లోపం తెలియక కాదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 1996 చిన్న ఆయుధాల కాల్పులను 'అత్యంత ఆకస్మిక శబ్దాల' కోవలో చేర్చి, కొలిచిన అంకెకు 12 డెసిబెల్స్ కలిపి చూడమంటుంది. ఆ ప్రకారం పై ఉదాహరణలోని 54 కాస్తా 66 అవుతుంది. షూటింగ్ రేంజ్‌ల శబ్దం కోసమే ఐఎస్ఓ 17201 అనే ప్రత్యేక ప్రమాణాల వరుస కూడా ఉంది. నిర్వాహకుల నివేదికలో ఈ రెండింటి ప్రస్తావన లేదు, ఆ 12 కలిపినట్టు ఆనవాలు లేదు. పైగా కొలతలు తీసినది పాయింట్ టూటూ రైఫిళ్లు మాత్రమే పేలిన రోజున. రాబోయే పెద్ద రైఫిళ్ల శబ్దాన్ని నేటి చిన్న రైఫిళ్లతో కొలిచి నివేదిక ఇవ్వడం, మరెవరి కొలతలతోనో కుట్టిన చొక్కాను మనకు తొడిగి సరిపోయిందనడం వంటిది.

భద్రత గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే అది నిపుణులు నేల మీద నిలబడి తేల్చవలసిన విషయం. పాయింట్ టూటూ తూటా కూడా అడ్డు లేకపోతే సుమారు రెండు కిలోమీటర్లు పోగలదు. పెద్ద రైఫిల్ తూటా మూడు కిలోమీటర్లు దాటుతుంది. రాతినేలను, నీటిని తాకిన తూటా దిశ మార్చుకుని ఎగురుతుంది. కొత్త వరుస వెనుక ఉన్నది రాతి గుట్ట అని, దాని అవతల బడికి వెళ్లే దారి ఉందని మాత్రం గుర్తు చేస్తున్నాను.

షాట్‌గన్ మైదానం విషయం వేరు. అక్కడ చిన్న సీసపు గుళ్లు రెండు వందల మీటర్లకు అటూ ఇటూగా నేల రాలిపోతాయి కాబట్టి ప్రాణభయం తక్కువే. అసలు సమస్య రాలిన తరువాత మొదలవుతుంది. అంతర్జాతీయ పోటీల నిబంధనల ప్రకారం ఒక తూటాలో 24 గ్రాముల గుళ్లు ఉండవచ్చు. ట్రాప్ అర్హత పోటీలో ఒక్కొక్కరికి 125 లక్ష్యాలు. లక్ష్యానికి ఒక్కటే తూటా చొప్పున లెక్కించినా ఒక క్రీడాకారుడు మూడు కిలోల సీసాన్ని నేల మీద చల్లుతాడు, అదీ రెండో తూటాకు అవకాశం ఉన్న పోటీలో. నలభై మంది పాల్గొంటే ఒక్క పోటీకే 120 కిలోలు. రైఫిల్ తూటాలు ఒకే మట్టికట్టలో పోగుపడతాయి కాబట్టి ఎప్పటికప్పుడు జల్లెడ పట్టి తీయవచ్చు. గుళ్లు మాత్రం ఎకరాల కొద్దీ గడ్డిలో చెల్లాచెదురవుతాయి. గాలికి, తడికి సీసం మీద తెల్లటి పెచ్చు కడుతుంది. నేలలో ఆమ్లగుణం ఉంటే అది కరిగి వాననీటితో పల్లానికి చేరుతుంది. నీటిపక్షులు గుళ్లను ఇసుక రేణువులనుకుని మింగి విషమెక్కి చనిపోతాయి. మైదానం కోసం ఎంచుకున్న పల్లపు భూమి నుంచి నీరు వాగులోకి, అక్కడి నుంచి మా బావుల దిశగా పోతుంది. పిల్లల రక్తంలో ఇంత వరకు సీసం ఉన్నా ప్రమాదం లేదని చెప్పగల స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డెన్మార్క్ 1996లోనే సీసపు గుళ్లను నిషేధించింది. ఐరోపా సమాఖ్య చిత్తడి నేలల్లోను, వాటికి వంద మీటర్ల లోపున వాటి వాడకాన్ని 2023 ఫిబ్రవరి నుంచి ఆపివేసింది. స్టీలు గుళ్లు మార్కెట్లో ఉన్నాయి, అవి గట్టి వస్తువుకు తగిలి వెనక్కి ఎగరవచ్చన్న ఇబ్బంది ఉన్నప్పటికీ. సీసమే వాడతామంటే గుళ్లు పడే చోటును వాగుకు దూరంగా మార్చడం, నేలకు సున్నం వేసి ఆమ్లగుణాన్ని తగ్గించడం, నిర్ణీత గడువుల్లో సీసాన్ని ఏరి తీయడం, బావినీటిని పరీక్షించడం ఎప్పటినుంచో తెలిసిన పద్ధతులే. వీటిలో దేనికి డబ్బు కేటాయించారో ప్రణాళికలో ఒక్క పంక్తి కూడా కనిపించలేదు.

మేము అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. అనుమతి ఇచ్చే ముందు, కొత్తగా రాబోయే ఆయుధాలనే కొన్ని గంటల పాటు అక్కడ పేల్చి, గాలి మా వైపు వీచే రోజున, మా ఇళ్ల దగ్గర, రేంజ్‌తో సంబంధం లేని నిపుణులతో కొలతలు తీయించాలి. ఆకస్మిక శబ్దానికి చేర్చవలసిన 12ను చేర్చి ఆ అంకెలను బహిరంగపరచాలి. వాగు, బావుల నీటిలో నేడు సీసం ఎంత ఉందో ఇప్పుడే నమోదు చేయించాలి. లేకపోతే పదేళ్ల తరువాత 'అది ముందునుంచీ ఉన్నదే' అన్న మాటకు జవాబు ఉండదు. ఈ కొలతలు వచ్చే వరకు పాత రెండు రోజులు, పాత 50 మీటర్ల వరుస యథాతథంగా సాగితే మాకు ఏ అభ్యంతరమూ లేదు.

ప్రజాభిప్రాయ సేకరణ సభను రేంజ్‌కు సెలవైన రోజున, తలుపులు మూసిన హాలులో పెడుతున్నట్టు తెలిసింది. దానిని ఆ పరీక్ష జరిగే రోజునే, పిల్లల బడి ఆవరణలో పెట్టవలసిందిగా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
రేంజ్ సమీప నివాసి