బైపీసీ పిల్లలకు లెక్కలు దూరం చేయవద్దు

సంపాదకులకు,

ఇంటర్మీడియట్‌లో మొక్కల హార్మోన్లంటే కొన్ని పేర్లు, వాటి పనుల పట్టిక. ఆక్సిన్ కణాలను సాగదీస్తుందని రాస్తే మార్కులు వచ్చేస్తాయి. అది ఎటు కదులుతుంది, ఒకచోటే ఎందుకు పోగుపడుతుంది అని ఎవరూ అడగరు. అసలు అందమంతా అక్కడే ఉంది.

కాండం కొనలో ప్రతి కణమూ పిన్1 అనే ప్రోటీన్ సాయంతో, ఆక్సిన్ ఎక్కువున్న పొరుగు కణం వైపే దాన్ని మరింత నెడుతుంది. పోగుపడిన చోట ఆకు మొలక లేస్తుంది. చుట్టుపక్కల ఆక్సిన్ కరువై, తర్వాతి ఆకు ఎడంగా పుడుతుంది. ఈ నియమం ఆధారంగా 2006లో రెండు పరిశోధక బృందాలు కంప్యూటర్‌లో ఆకుల అమరికను పుట్టించాయి. ఇది ఊహాగానం కాదు. ఆక్సిన్ రవాణాను ఆపితే టమాటా కొన ఆకుల్లేని పుల్లలా పెరగడం, అక్కడ కాస్త ఆక్సిన్ పూస్తే ఆకు మొలవడం 2000లోనే ప్రయోగశాలలో చూశారు.

వరుస ఆకుల మధ్య తరచూ కనిపించే 137.5 డిగ్రీల కోణం వెనుక ఇంత గణితం ఉంటే, మనం లెక్కలను ఎంపీసీకి, మొక్కలను బైపీసీకి పంచేశాం. ఇది అన్యాయం. వ్యవసాయ శాస్త్రవేత్తలు కాబోయేది ఈ బైపీసీ పిల్లలే. వృక్షశాస్త్రం ప్రాక్టికల్స్‌లో ఇలాంటి కంప్యూటర్ నమూనా ఒక్కటైనా చేర్చాలని రెండు రాష్ట్రాల ఇంటర్మీడియట్ బోర్డులను కోరుతున్నాను.

– ఒక వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, తెనాలి